ఎమ్మెస్సీ నర్సింగ్‌కు అప్లై చేసేముందు ఆ ఏడాది లెక్క చూసుకోండి

నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు, వాట్సాప్‌లో మా జూనియర్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "అక్కా, నేను ఎలిజిబులేనా?" మార్కులు చెప్తారు, ర్యాంకు ఎంత రావాలని అడుగుతారు, ఎక్కడ ఎన్నాళ్ళు పనిచేశారో మాత్రం నేను అడిగితే తప్ప చెప్పరు. కర్నూలులో ఐసీయూలో నైట్ డ్యూటీలు చేసుకుంటూ అప్లై చేసినప్పుడు నాకూ మార్కుల మీదే టెన్షన్. తీరా ఇరుక్కున్నది ఎక్స్‌పీరియన్స్ లెటర్ దగ్గర. అందుకే ముందు దాని సంగతే చెప్తాను.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూలు ప్రకారం నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్ళకు, అది పూర్తయిన తర్వాత కనీసం ఒక ఏడాది పని అనుభవం ఉండాలి. పోస్ట్ బేసిక్ బీఎస్సీ (నర్సింగ్ డిప్లొమా తర్వాత చేసే బీఎస్సీ) వాళ్ళకు ఆ ఏడాది కోర్సుకు ముందు చేసినదైనా సరే, తర్వాతదైనా సరే. అంటే జీఎన్ఎం, అదే నర్సింగ్ డిప్లొమా చేసి, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఆ తర్వాత పోస్ట్ బేసిక్‌కు వెళ్ళినవాళ్ళకు ఈ బాధ లేదు. ఇబ్బందల్లా ఫైనలియర్ పాసై నాలుగు నెలలు ఇంట్లో ఉండి, తర్వాత ఏదో నర్సింగ్ హోమ్‌లో చేరి, "ఏడాది అయినట్టే కదా" అనుకునేవాళ్ళతోనే. పదకొండు నెలలను ఏడాది అని ఎవరూ ఒప్పుకోరు. ఏ తేదీ నాటికి ఏడాది నిండాలో నోటిఫికేషన్లో చూసి, క్యాలెండర్ ముందేసుకుని లెక్కపెట్టుకోండి.

ఇక నా కథ. ఆసుపత్రి పేరు వద్దులెండి. లెటర్ కావాలని ఆఫీసులో అడిగితే అక్కడాయన టీ తాగుతూనే టైపు చేసి ఇచ్చేశాడు, 'ఈమె మా దగ్గర స్టాఫ్ నర్సుగా పనిచేసింది, నడవడిక బాగుంది' అని రెండే లైన్లు. ఎప్పుడు చేరానో లేదు, ఎప్పుడు మానేశానో లేదు, ఏ వార్డో లేదు, సీలు మాత్రం రెండుచోట్ల గట్టిగా కొట్టాడు. నేనూ సంతోషంగా మడతపెట్టి ఫైల్లో పెట్టుకున్నా. సర్టిఫికెట్ల వెరిఫికేషన్లో కూర్చున్న మేడం దాన్ని చదివి, నా వైపు తిప్పి, "ఇందులో సంవత్సరం ఎక్కడుందమ్మా?" అన్నారు. మళ్ళీ వెళ్తే ఆఫీసులో ఆయన సెలవు, జాయినింగ్ రిజిస్టర్ ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలీదు. చివరికి జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, నా ఫోన్లో మిగిలిన డ్యూటీ రోస్టర్ ఫోటోలు చూపిస్తే గానీ తేదీలతో ఇంకో లెటర్ రాలేదు. కాబట్టి చేరిన రోజే అపాయింట్‌మెంట్ ఆర్డర్ అడిగి తీసుకోండి, జీతం చేతికి కాకుండా అకౌంట్లో వేయమనండి. మానేసేటప్పుడు చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, వార్డు అన్నీ ఉన్న లెటర్ చేతికి వచ్చాకే గేటు దాటండి.

దీనికి తోడు రిజిస్ట్రేషన్. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండింటికీ రిజిస్టరై ఉండాలి. రిజిస్ట్రేషన్ తేదీకి ముందు చేసిన డ్యూటీని అనుభవంగా చూపిస్తే ప్రశ్నలు తప్పవు, అందుకే పాసవగానే మొదట ఆ పని చూసుకోండి. అనంతపురం, హిందూపురం వైపు పిల్లలు చానామంది బెంగళూరులో బీఎస్సీ చేస్తారు కదా, వాళ్ళ రిజిస్ట్రేషన్ కర్ణాటక కౌన్సిల్లో ఉంటుంది. దాన్ని అక్కడి ఎన్ఓసీతో (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రంతో) ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌కు మార్పించుకోవాలంటే టైం పడుతుంది, నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు. మన దగ్గర సీట్లు ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ ద్వారా నిండుతాయి, లోకల్, నాన్ లోకల్ లెక్క కూడా ఉంటుంది. బయట రాష్ట్రంలో చదివినవాళ్ళు స్టడీ సర్టిఫికెట్లు, నివాస ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోండి.

మార్కుల సంగతి తేలిక. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పేది బీఎస్సీలో మొత్తం మీద 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. మొత్తం అంటే అన్ని సంవత్సరాలవీ కలిపి, ఫైనలియర్ ఒక్కటే కాదు. జీఎన్ఎం మార్కులు ఇందులోకి రావు. 54.8 ఉంటే 55 కింద చూస్తారులే అని ఎవరైనా ధైర్యం చెప్తే నమ్మకండి. ఢిల్లీ ఎయిమ్స్ మీద ఆశ ఉంటే అక్కడ 60 అడుగుతారు. కొత్త సెమిస్టర్ సిలబస్ వాళ్ళు గ్రేడ్లను శాతంలోకి మార్చిన పేపర్ కాలేజీ నుంచి తీసుకోండి. మేనేజ్‌మెంట్ సీటుకు ఇవేవీ అక్కర్లేదని చెప్పే ఏజెంట్లు ఉంటారు. డబ్బు కట్టినంత మాత్రాన అర్హత మారదు.

స్పెషాలిటీ ఏది తీసుకోవాలన్నది ఇంకో ప్రశ్న. మెడికల్ సర్జికల్, కమ్యూనిటీ హెల్త్, పీడియాట్రిక్, ప్రసూతి స్త్రీ వ్యాధులు, సైకియాట్రిక్ అని అయిదు పెద్ద కొమ్మలు. మెడికల్ సర్జికల్‌లో మళ్ళీ గుండె, క్యాన్సర్, నరాలు, కిడ్నీ, క్రిటికల్ కేర్ లాంటివి. లెక్చరర్ పోస్టు కోసం కమ్యూనిటీ తీసుకుని, రెండేళ్ళూ పల్లెల సర్వేలంటే విసుక్కునేవాళ్ళను చూశా. ఏ వార్డులో డ్యూటీ వేస్తే మీరు రోస్టర్ మార్చమని అడగరో అదే తీసుకోండి. సైకియాట్రిక్ ఇష్టమైతే మానసిక వైద్యానికి పేరున్న నిమ్‌హాన్స్ బెంగళూరులోనే ఉంది, అనంతపురం నుంచి రైలెక్కితే దిగేది అక్కడే, కాకపోతే దానికి విడిగా అప్లై చేయాలి. పడక పక్కనే ఉండాలి, పాఠాలు చెప్పడం నా వల్ల కాదు అనుకునేవాళ్ళు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ చూడండి. అదీ రెండేళ్ళ పీజీనే, రెసిడెన్సీ పద్ధతిలో, అంటే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ చదివేలా నడుస్తుంది. ఏడాది క్లినికల్ అనుభవం అడుగుతారు, అది ఐసీయూలాంటి చోట చేసినదైతే ఇంకా మంచిది.

జీఎన్ఎం దగ్గరే ఆగినవాళ్ళు, శాతం తగ్గినవాళ్ళు పోస్ట్ బేసిక్ డిప్లొమా చూసుకోవచ్చు. నియోనేటల్ (నవజాత శిశువులు), ఆంకాలజీ (క్యాన్సర్), ఆపరేషన్ థియేటర్, ఎమర్జెన్సీ అంటూ చాలా ఉన్నాయి, ఒక్కొక్కటీ ఏడాది. రిజిస్ట్రేషన్, ఏడాది క్లినికల్ అనుభవం ఉంటే చాలు, 55 శాతం గోల లేదు. అయితే ఈ డిప్లొమా చేశాక మీ బీఎస్సీ 52 శాతం 55 అయిపోదు, ఎమ్మెస్సీకి ఇది అడ్డదారి కాదు.

సీటు వచ్చిందని ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి ఎమ్మెస్సీ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా, మీరు తీసుకున్న స్పెషాలిటీకే ఉందా, ఎన్ని సీట్లకు ఉంది అన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్లో చూడండి. కాలేజీలో బీఎస్సీకి గుర్తింపు ఉన్నంత మాత్రాన ఎమ్మెస్సీకి ఉన్నట్టు కాదు. ఆఫీసులో అడిగితే గోడకు ఫ్రేము కట్టి వేలాడదీసిన కాగితం చూపిస్తారు. దాని మీద సంవత్సరం ఏముందో దగ్గరికెళ్ళి చదవండి.