హై-రెస్ పాటలు కొనేముందు గది సంగతి చూస్కోండి

పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేసి, అన్నయ్యా 40 వేలు పక్కన పెట్టాను, హై-రెస్ పాటలు, అంటే సీడీ కన్నా ఎక్కువ వివరంగా ఉంటాయని అమ్మే డిజిటల్ ఫైళ్ళు కొనుక్కుని ఇంట్లో మంచి సిస్టమ్ పెట్టుకుందామనుకుంటున్నా, దేనితో మొదలుపెట్టాలి అన్నాడు. వాడికి గంటన్నర సేపు చెప్పిందంతా ఇక్కడ రాసేస్తున్నా, ఇదే ఆలోచనలో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది కదా అని.

ముందు ఈ ఫైళ్ళ మీద రాసే బిట్, కిలోహెర్ట్జ్ నంబర్లేంటో తెలియాలి. సీడీ అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. అంటే సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాసుకుంటారు, దాంతో 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దమంతా పట్టుకోవచ్చు, మన చెవి 20 దాటి వినదు, నలభై దాటినవాళ్ళకి అదీ తగ్గిపోతుంది. హై-రెస్ అని అమ్మేవి సాధారణంగా 24 బిట్, 96 లేదా 192 కిలోహెర్ట్జ్. బిట్లు పెరిగితే అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం పెరుగుతుంది, 16 బిట్‌కి సుమారు 96 డెసిబెల్స్, 24 బిట్‌కి లెక్క ప్రకారం 144. స్టూడియోలో రికార్డ్ చేసేవాళ్ళకి ఈ తేడా వరం, ఎందుకంటే లెవెల్ కొంచెం తక్కువ పెట్టుకున్నా అడుగున నాయిస్ రాదు. ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుండగా వినేవాళ్ళకి మాత్రం అడుగున ఉన్న ఆ నాయిస్ తేడా తెలియడం చాలా కష్టం. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రీస్ అప్పటిదాకా జరిగినవాటిలో 18 పరీక్షల ఫలితాలు కలిపి లెక్కేస్తే, హై-రెస్‌నీ సీడీ క్వాలిటీనీ జనం సరిగ్గా గుర్తుపట్టింది 52.3 శాతం సార్లు. గుడ్డిగా చెప్పినా 50 వస్తుంది. తేడా ఉంది, కానీ ఇంతే ఉంది.

మరి ఎందుకు కొనడం అంటారా, నా దృష్టిలో రెండు కారణాలున్నాయి. ఒకటి, కొన్న ఫైల్ మనది, నెల చందా ఆపేసినా, యాప్‌లోంచి ఆల్బమ్ తీసేసినా మన దగ్గరే ఉంటుంది. రెండోది అసలైనది, మాస్టరింగ్, అంటే విడుదలకి ముందు రికార్డింగ్‌కి పెట్టే చివరి మెరుగులు. ఒకే రికార్డింగ్‌ని ఒకళ్ళు నెమ్మదిగా, ఎత్తుపల్లాలు ఉన్నవి ఉన్నట్టు ఉంచి విడుదల చేస్తారు, ఇంకొకళ్ళు అంతా గట్టిగా వినపడాలని నొక్కేసి వదుల్తారు. నొక్కేసినదాన్ని 24 బిట్‌లో ఇచ్చినా నొక్కేసినట్టే ఉంటుంది. చక్కగా మాస్టర్ చేసిన పాత సీడీ ముందు అలాంటి హై-రెస్ ఆల్బమ్ నిలబడదు, ఇది నేను ఎన్నోసార్లు విని చెప్తున్న మాట. అందుకే ఫైల్ మీద నంబర్ చూసి డబ్బు పెట్టొద్దు, ఎవరు మాస్టర్ చేశారు, ఏ టేపు నుంచి తీశారు అని ఆల్బమ్ పేజీలో రాశారేమో చూడండి, శాంపిల్ వినండి.

కొనే చోట్ల గురించి. హెచ్‌డీట్రాక్స్, కోబజ్, ప్రెస్టో మ్యూజిక్ పెద్ద షాపులు, పాశ్చాత్య క్లాసికల్ కావాలంటే హైపీరియన్, ఛాండోస్ లాంటి లేబుల్స్ తమ సైట్లలోనే అమ్ముతాయి. ఒక ఇబ్బంది ఏంటంటే హక్కులు దేశాన్ని బట్టి ఉంటాయి, ఒక దేశంలో దొరికే ఆల్బమ్ ఇంకో దేశం నుంచి కొనబోతే కుదరకపోవచ్చు, అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న మనవాళ్ళకి ఈ బాధ తక్కువ. ఇండియాలో ఉన్నవాళ్ళు అకౌంట్ తెరిచి ఆల్బమ్ కార్ట్‌లో పడుతుందో లేదో చూస్కుని అప్పుడే కార్డు బయటికి తీయండి, ఇంకా బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ ఆన్ చేసి, పని అయ్యాక మళ్ళీ ఆఫ్ చేసెయ్యండి. నాకు అన్నిటికంటే ఇష్టమైంది బ్యాండ్‌క్యాంప్, ఒకసారి కొంటే ఫ్లాక్, ఆలాక్, వేవ్, ఎంపీత్రీ ఫార్మాట్లలో ఏది కావాలంటే అది దించుకోవచ్చు, డిజిటల్ అమ్మకం మీద వాళ్ళు తీసుకునేది 15 శాతం దాకానే, పేమెంట్ ఖర్చులు పోను మిగతాది పాడినవాళ్ళకో వాళ్ళ లేబుల్‌కో వెళ్తుంది.

ఫార్మాట్ అడిగితే కళ్ళు మూసుకుని ఫ్లాక్ ఎంచుకోండి. ఒక్క బిట్ కూడా పోదు, సైజు తగ్గుతుంది, దాదాపు ఎక్కడైనా ప్లే అవుతుంది. ఐఫోన్‌లో ఆపిల్ మ్యూజిక్ యాప్‌లోనే పెట్టుకోవాలంటే ఆలాక్, అది ఆపిల్ వాళ్ళ ఫ్లాక్ లాంటిది, అందులోనూ ఏమీ పోదు. 24/96లో, అంటే 24 బిట్ 96 కిలోహెర్ట్జ్‌లో, గంట ఆల్బమ్ ఫ్లాక్‌లో సుమారు 1.2 జీబీ, 192 అయితే దాదాపు రెట్టింపు. 192కి ఎక్కువ డబ్బు అడిగితే నేను 96తోనే ఆగిపోతా.

తెలుగు సినిమా పాటలు ఈ షాపుల్లో నేను వెతికినంతలో చాలా తక్కువ దొరికాయి, వాటికి నా దారి పాత సీడీలే. సీడీ దొరికితే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సెక్యూర్ మోడ్‌లో ఫ్లాక్‌గా తీసుకోండి, డిస్క్ మీద గీతలున్నచోట అదే మళ్ళీ మళ్ళీ చదివి, వేరేవాళ్ళు తీసిన కాపీలతో అక్యురేట్‌రిప్ అనే ఆన్‌లైన్ జాబితా ద్వారా సరిపోల్చి తేడా ఉంటే చెప్పేస్తుంది.

కొన్న ప్రతి ఫైల్‌నీ ఒకసారి తనిఖీ చేయండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నా. ఒక చోట 24/192 అని డబ్బులు పెట్టి ఆల్బమ్ కొన్నా, వింటే ఏదో మామూలుగానే ఉంది, ఫైల్‌లో ఎన్ని కిలోహెర్ట్జ్ దాకా శబ్దం ఉందో రంగుల్లో గీసి చూపే స్పెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిచి చూస్తే బొమ్మ 96 కిలోహెర్ట్జ్ దాకా గీసి ఉంది గానీ రంగు మాత్రం 22 దగ్గర కత్తితో కోసినట్టు అడ్డంగా ఆగిపోయింది, దానిపైన అంతా నల్లటి ఖాళీ. అంటే సీడీ ఫైల్‌నే సాగదీసి అమ్మారన్నమాట. స్క్రీన్‌షాట్ పెట్టి మెయిల్ రాస్తే వారంలో డబ్బు వెనక్కి ఇచ్చారు. రంగు 16 కిలోహెర్ట్జ్ దగ్గరే అలా ఆగిపోతే అది తక్కువ బిట్‌రేట్ ఎంపీత్రీ నుంచి వచ్చిందని గట్టిగా అనుమానించొచ్చు. ఒక్క జాగ్రత్త, పాత టేపు రికార్డింగుల్లో పైన సంగీతం సన్నగిల్లిపోయి టేపు హిస్, అంటే టేపు చేసే సన్నని స్ స్ మోత మాత్రమే కనిపిస్తుంది, అది మోసం కాదు, రంగు మెల్లగా పల్చబడుతుంది తప్ప కోసినట్టు ఉండదు.

ఇప్పుడు సిస్టమ్. తమ్ముడి 40 వేలల్లో సగానికి పైనే స్పీకర్లకి పెట్టమన్నా, ఎందుకంటే తేడా అంతా అక్కడే వినపడుతుంది. రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక స్టీరియో ఆంప్ (ఆంప్లిఫయర్), డిజిటల్ ఫైల్‌ని ఆంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే ఒక చిన్న డ్యాక్, చాలు. డబ్బాల మీద వేల వాట్స్ పీఎంపీఓ అని రాసేదాన్ని పట్టించుకోవద్దు, 8 ఓమ్స్‌కి ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే పవర్ ఎంతో అడగండి. స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కి అది ఎంత గట్టిగా మోగుతుందన్నది, 87 డెసిబెల్స్ దగ్గర ఉంటే మన ఇళ్ళల్లో 10 బై 12 గదికి ఛానల్‌కి 30, 40 నిజమైన వాట్స్ సరిపోతాయి, 40ని 80 చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. డ్యాక్‌కి పెద్ద ఖర్చు అక్కర్లేదు, ఆపిల్ అమ్మే చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్ 24 బిట్ 48 దాకానే పనిచేస్తుంది కానీ శుభ్రంగా పనిచేస్తుంది, 96 ఫైళ్ళని ఉన్నవున్నట్టు పంపాలంటే ఒక మామూలు యూఎస్‌బీ డ్యాక్ తీసుకోండి. బ్లూటూత్‌లో ఎస్‌బీసీ, ఏఏసీ రెండూ సంగీతాన్ని కుదించే పంపుతాయి, హై-రెస్ కొని బ్లూటూత్‌లో వింటే పెట్టిన డబ్బు సగం దారిలోనే పోయినట్టే. స్పీకర్ వైర్‌కి వేలు పోయొద్దు, ఎలక్ట్రికల్ షాపులో మీటర్ లెక్కన అమ్మే 1.5 లేదా 2.5 స్క్వేర్ ఎంఎం మల్టీస్ట్రాండ్ రాగి వైరు చాలు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో వైర్లు, పిన్నులు, కనెక్టర్లు అన్నీ దొరుకుతాయి. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి, ఒక స్పీకర్‌కి తిరగబడిందంటే బేస్ పలచబడిపోయి, గొంతు మధ్యలో నిలబడకుండా ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా పోతుంది.

ఇక గది, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. విట్రిఫైడ్ టైల్స్, బోసి గోడలు, అద్దాల కిటికీలు, మన హాళ్ళు ఎక్కువగా ఇలాగే ఉంటాయి, మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి చూడండి, టంగ్ మని మోగితే పాటలో ప్రతి మాట మీదా ఆ మోత కలుస్తుంది. మందపాటి కర్టెన్లు, కింద జంపఖానా, పక్క గోడకి పుస్తకాల బీరువా, ఇవి ఏ కేబుల్ కన్నా ఎక్కువ మేలు చేస్తాయి. స్పీకర్ల మధ్య ఆరడుగులు, మీకూ ఒక్కో స్పీకర్‌కీ మధ్య కూడా ఆరేడు అడుగులు, త్రిభుజం లాగా రావాలి, ట్వీటర్, అంటే డబ్బాలో సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్, చెవి ఎత్తులో ఉండాలి, వెనక గోడకి అడుగున్నర అన్నా ఎడం ఉండాలి, మూలల్లో అసలు పెట్టొద్దు. బేస్ గొడవ ఇంకోటి, 12 అడుగుల పొడవుకి 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకి 56 దగ్గర శబ్దం గోడల మధ్య చిక్కుకుని ఊగుతుంది, గోడకి ఆనుకుని కూర్చుంటే అదే పాటలో గుమ్ గుమ్ మంటుంది, సరిగ్గా గది నడిమధ్య కూర్చుంటే బేసే ఉండదు. కుర్చీని అడుగు ముందుకి, అడుగు వెనక్కి జరుపుతూ వినండి, మీకే తెలిసిపోతుంది.

మా ఇంట్లో మొదట స్పీకర్లు షోకేస్ అరల్లో, టీవీకి అటూ ఇటూ ఉండేవి. నాన్నకి వీణంటే ప్రాణం, రోజూ సాయంత్రం ఒకే వీణ కచేరీ వినేవారు. ఒక ఆదివారం రెండింటినీ బయటికి లాగి గట్టి చెక్క స్టూళ్ళ మీద పెట్టి, కొంచెం ఆయన కుర్చీ వైపు తిప్పి, అదే ఫైల్ పెట్టా, మామూలు సీడీ నుంచి తీసింది. కాసేపు కళ్ళు మూసుకుని విని "ఒరేయ్, ఇందులో తంబూరా కూడా ఉందిరా" అన్నారు. ఇన్నేళ్ళూ ఆ షోకేస్ మోత కింద తంబూరా వినపడనే లేదు. గమకంలో తీగ పక్కకి లాగినప్పుడు మెట్టు మీద వేలు రాసుకునే చిన్న చప్పుడు కూడా ఆ రోజే మొదటిసారి విన్నాం.

కంప్యూటర్‌లో ఒక చిన్న సెట్టింగ్ ఉంది. విండోస్ మామూలుగా అన్ని శబ్దాలనీ ఒకే రేటుకి మార్చి పంపుతుంది, ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌లో వసాపీ ఎక్స్‌క్లూజివ్ అనే ఔట్‌పుట్ ఎంచుకుంటే ఫైల్ ఎలా ఉందో అలాగే డ్యాక్‌కి వెళ్తుంది. మ్యాక్‌లో అయితే ఆడియో మిడి సెటప్ అనే యాప్‌లో రేటు మీరే పెట్టుకోవాలి. అదే ఫూబార్‌కి ఏబీఎక్స్ అని ఒక కాంపోనెంట్ ఉంది, మీ 24/96 ఫైల్‌ని ముందే 16/44.1కి మార్చుకుని రెండూ దానికి ఇస్తే, పేరు చెప్పకుండా వినిపించి ఏది ఏదో చెప్పమంటుంది. పెద్ద కలెక్షన్ కొనేముందు ఒక్కసారి చేయండి, మీ చెవికి, మీ గదిలో, ఎంత తేడా ఉందో తేలిపోతుంది.

స్పీకర్లలో బుయ్ మని సన్నగా మోత వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, ఆగిపోతే అది ఎర్త్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య కరెంట్ తిరగడం, ఆంప్‌నీ ల్యాప్‌టాప్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. అయినా పోకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. మోత పోతుందని ప్లగ్‌కి ఎర్త్ పిన్ విరగ్గొట్టే పని మాత్రం చేయకండి, ప్రాణాల మీదకి వస్తుంది.

చివర్లో బ్యాకప్. షాపులు మళ్ళీ దించుకోనిస్తాయి గానీ ఎప్పటికీ అని నమ్ముకోవద్దు, హక్కులు మారితే ఆల్బమ్ మాయమవుతుంది. దించిన రోజే రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేయండి, ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి వేరే ఇంట్లో. నా రెండోది రాజమండ్రిలో అక్క వాళ్ళింట్లో ఉంటుంది, సంక్రాంతికి వెళ్ళినప్పుడల్లా ఆ ఏడాది కొన్నవన్నీ దాంట్లోకి ఎక్కించి, రెండు మూడు ఆల్బమ్స్ తెరిచి ప్లే అవుతున్నాయో లేదో విని మరీ వస్తా.