మడ పాయల్లో బుల్లి రొయ్యజాతి జీవాలు: నీటి వల్ల ఎంత, చేపల వల్ల ఎంత అన్నది ఎలా తేల్చాలి?

గోదావరి సముద్రంలో కలిసే చోట, యానాం రేవులోనో భైరవపాలెం వైపో నెల రోజులు నీళ్లలో నానిన తాడు ముక్కని పైకి లాగి, తెల్ల పళ్లెంలో కాసిని నీళ్లు పోసి అందులో దులిపి చూడండి. పళ్లెం కదులుతుంది! మనవాళ్లు అన్నిటినీ కలిపి పురుగులు అనేస్తారు గానీ వాటిలో చాలావరకు రొయ్యకీ పీతకీ చుట్టాలే. రెండు పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉండి, పక్కకి పడి గిలగిలా కొట్టుకునేవి ఆంఫిపాడ్లు. పైనుంచి అణిచినట్టు చపటగా ఉండేవి ఐసోపాడ్లు, వీటిలో కొన్ని వేలు తగలగానే ఉండలా చుట్టుకుంటాయి. చుక్కంత ఉండి గెంతేవి కోపిపాడ్లు. గొరక పిల్లలు, జెల్లలు, ఇసుకదొందులు, ఇంకా ఎన్నో చేపపిల్లలు బతికేది ఇలాంటి వాటి మీదే.

మరి ఒక పాయలో ఇవి కుప్పలుగా ఉండి, అర కిలోమీటరు అవతల పది కూడా దొరకవు, ఎందుకు? ఉప్పు తేడానా, బురదా, ప్రాణవాయువు చాలకపోవడమా, లేక చేపలు తినేస్తున్నాయా? ఊరికే చూసి చెప్పేది కాదిది. కానీ కొబ్బరి పీచు, వల ముక్కలు, కొంచెం ఓపిక ఉంటే ఇంట్లో పిల్లలతో కలిసి కూడా తేల్చుకోవచ్చు.

1. ముందు చోటు చూసుకోండి

కోరింగ అభయారణ్యం లోపల అటవీ శాఖ అనుమతి లేకుండా ఏదీ కట్టకూడదు, ఏదీ తియ్యకూడదు. బయట పాయలూ రేవులూ బోలెడున్నాయి, అక్కడ వేటకెళ్లేవాళ్లని అడిగి, వాళ్ల వలలకీ పడవలకీ అడ్డం రాని చోటు ఎంచుకోండి. అవకాశం ఉంటే రెండు చోట్లు తీసుకోండి, ఒకటి మొగకి (పాయ సముద్రంలో కలిసే చోటికి) దగ్గరగా, ఒకటి ఎగువన. రొయ్యల చెరువుల నీళ్లు వదిలే కాలువ నోట్లో మాత్రం పెట్టకండి, ఆ నీళ్ల ప్రభావం అన్నిటినీ కప్పేస్తుంది.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా లాగుతుంది కాబట్టి కట్టడానికీ తియ్యడానికీ అప్పుడే వెళ్లండి. పోటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైమ్ నమ్ముకుని వెళ్తే నీళ్లు ఇంకా పూర్తిగా లాగి ఉండవు. ఒంటరిగా దిగొద్దు, చెప్పులు లేకుండా అసలే దిగొద్దు, గుల్లలు కోసేస్తాయి.

2. పీచు ఉండలు కట్టండి

కోనసీమలో కొబ్బరి డొక్కలకి కరువు లేదు. పీచుని వారం రోజులు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ కడిగి, పిడికిలంత ఉండలుగా పురికొసతో కట్టండి. అన్నీ ఒకే బరువు ఉండాలి, కాటా మీద తూచండి. పీచు సందులు ఈ జీవాలకి ఇల్లు, వేర్ల మధ్యా నాచు మధ్యా దాక్కున్నట్టే ఇక్కడా దాక్కుంటాయి. పదిహేను ఉండలు చేసుకోండి.

3. మూడు రకాలుగా కట్టండి, అసలు పని ఇదే

అయిదు ఉండలని ఏ వలా లేకుండా రాటలకి కట్టండి. ఇంకో అయిదింటికి అరసెంటీమీటరు కన్ను ఉన్న వలతో చుట్టూ పంజరం కట్టండి, వల పీచుకి తగలకుండా జానెడు ఎడం ఉండాలి. ఆ కన్నులోంచి మన బుల్లి జీవాలు దూరతాయి, చేప దూరదు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నేను మొదటిసారి అలాగే ఆపేశాను, పంజరంలో ఆంఫిపాడ్లు మూడింతలు కనబడేసరికి చేపలే కారణమని రాసుకున్నాను. తర్వాత పీచు పిండి చూస్తే పంజరంలో ఉన్న ఉండల నిండా మెత్తటి ఒండ్రు, బయట ఉన్నవాటిలో అది నామమాత్రం. వల వడిని ఆపింది, వడి ఆగితే ఒండ్రు దిగింది, ఒండ్రుతో గొట్టాలు కట్టుకుని బతికే ఆంఫిపాడ్లకి అది పండగ. అంటే నేను లెక్కపెట్టింది చేపల ప్రభావమో వల ప్రభావమో నాకే తెలియదు. నెల శ్రమ అక్కరకు రాలేదు, చాలా బాధేసింది.

అందుకే మూడో రకం తప్పనిసరి: అదే పంజరం, కానీ రెండు పక్కల వల కోసేసి ఉంచాలి. చేప లోపలికి వస్తుంది, నీడా నెమ్మదించిన నీరూ మాత్రం చాలావరకు మూసిన పంజరంలో ఉన్నట్టే ఉంటాయి. మూడు రకాలనీ ఒకదాని పక్కన ఒకటి కలిపి కట్టండి, మూసినవన్నీ ఒక మూలకి చేరిస్తే మళ్లీ ఆ మూల గుణం లెక్కలోకి వచ్చేస్తుంది.

4. నాలుగు వారాలు కనిపెట్టుకుని ఉండండి

వారానికోసారి వలకి పట్టిన నాచుని బ్రష్‌తో తుడవండి, లేకపోతే కన్నులు మూసుకుపోతాయి. చిన్నప్పుడు దూరి లోపలే పెరిగిన చేపపిల్లలు ఉంటే పంజరం బయటికి వదిలేయండి. వెళ్లినప్పుడల్లా నీటి ఉప్పు కొలవండి, ఆక్వా రైతుల దగ్గర ఉండే రిఫ్రాక్టోమీటర్ అరువడిగితే చాలు, రెండు చుక్కల పని. సముద్రపు నీరు దాదాపు 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు. పోటు మీద ఒకసారి, ఆటు మీద ఒకసారి చూడండి, ఒకే రోజులో ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది.

ఈ లోపు ఒక చిన్న పని. ఆ పాయలోనే పట్టిన చేపలు తెల్లారి గట్టున దొరికితే నాలుగు కొని, పొట్ట కోసి పళ్లెంలో కడగండి. మెత్తనివి అరిగిపోతాయి గానీ కాళ్లూ, పెంకు ముక్కలూ, నల్ల కళ్లూ మిగులుతాయి. ఎవరు ఎవర్ని తింటున్నారో భూతద్దంలో కనబడుతుంది.

5. తీసి లెక్కపెట్టండి

పాయలో ఉండగానే ఉండ మీద ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి బిగించి అప్పుడు కొయ్యండి, ముందు పైకెత్తితే సగం జీవాలు రాలిపోతాయి. బకెట్‌లో బాగా దులిపి, ఆ నీళ్లు పిండి జల్లెడలో వడగట్టి, మిగిలినవి తెల్ల పళ్లెంలోకి తెచ్చుకోండి. మరీ చిన్న కోపిపాడ్లు జల్లెడలోంచి జారిపోతాయి, వాటిని ఈ లెక్కలో పెట్టకండి. రకాలవారీగా రాయండి, పెద్దవి ఎన్ని చిన్నవి ఎన్ని అన్నది కూడా. పొట్ట కింద సంచిలో గుడ్లు మోసే తల్లుల్ని విడిగా లెక్కపెట్టండి. ఫోటోలు తీసుకుని తెచ్చిన చోటే వదిలేయండి.

6. అంకెల్ని ఎలా చదవాలి?

మూసిన పంజరంలో చాలా ఎక్కువగా, మిగతా రెండింటిలో తక్కువగా ఉంటే చేపలే తింటున్నాయి. మూసినదీ సగం తెరిచినదీ రెండూ ఒకేలా ఉండి, వల లేనిదాంట్లో తక్కువుంటే అది వల చేసిన మార్పు. మూడూ సమానమైతే అక్కడ చేపల ప్రభావం కనబడనట్టే, ఉప్పో, బురదో, ప్రాణవాయువో ముందే ఎంతమంది ఉండాలో తేల్చేసి ఉండొచ్చు.

కంగారు పెట్టేది ఒకటుంది, మూసినదాంట్లోనే తక్కువ రావడం. అలా వస్తే లోపల చిన్న రొయ్యలూ పీతపిల్లలూ ఎన్ని ఉన్నాయో చూడండి. పెద్ద చేప రాదు కాబట్టి అవి నిశ్చింతగా పెరిగి మన ఆంఫిపాడ్లని తినేస్తాయి. మొత్తం సంఖ్య మారకుండా రకాలు మారడం కూడా ఫలితమే. చూపుతో వేటాడే చేపకి పెద్దవీ, గుడ్ల సంచితో ఉన్నవీ ముందు కనబడతాయి, గొట్టంలో దాక్కున్నవి మిగులుతాయి. అందుకే ఉత్త మొత్తం చూసి తీర్పు ఇవ్వకండి.

7. ఎర్రనీరు దిగాక మళ్లీ చేయండి

ఒక్క సీజన్ లెక్కతో గోదావరి అర్థం కాదు. వేసవిలో ధవళేశ్వరం దిగువకి నీరు నామమాత్రంగా వస్తుంది, పాయలు ఉప్పెక్కుతాయి, సముద్రపు జాతులు లోపలిదాకా వచ్చేస్తాయి. జులై నుంచి సెప్టెంబరు మధ్య వరద వస్తే కొన్ని రోజుల్లోనే నీరు తియ్యగా మారిపోతుంది, ఉప్పు తగ్గితే తట్టుకోలేనివి చస్తాయి లేదా కొట్టుకుపోతాయి. ఆ నెలల్లో పంజరం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేకపోతే ఆశ్చర్యపోకండి, అప్పుడు పెత్తనం నీటిది.

మళ్లీ నవంబరు, డిసెంబరుల్లో కట్టి ఎవరు ముందు తిరిగొస్తారో చూడండి. కోపిపాడ్ల పిల్లలు నీళ్లలో తేలుతూ పోటుతో పాటు వచ్చేస్తాయి, వాటి కోసం పాత చున్నీతో ఒక చిన్న వల కుట్టి రాత్రిపూట నీటిపైన లాగండి, పగలు అడుగున ఉండేవాటిలో చాలావరకు చీకట్లో పైకొస్తాయి. ఆంఫిపాడ్లకీ ఐసోపాడ్లకీ తేలే పిల్లదశ లేదు, తల్లి సంచిలోంచే చిన్న రూపంలో బయటికొస్తాయి, కాబట్టి దూరం నుంచి రావాలంటే నాచు తుక్కో, కొమ్మో పట్టుకుని రావాలి. నా లెక్కల్లో అవి ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చాయి.

పని అయ్యాక వల ముక్కలూ తాళ్లూ అన్నీ విప్పి, కట్టినప్పుడు రాసుకున్న సంఖ్యతో సరిచూసుకుని ఇంటికి తెచ్చేయండి. పాయలో మిగిలిపోయిన వల ముక్క పీతల్నీ చేపల్నీ పడుతూనే ఉంటుంది.