కొత్తగా స్కూటీ నేర్చుకుంటున్నారా? తాళం కంటే ముందు హెల్మెట్ చూసుకోండి

గేర్లు లేవు, క్లచ్ లేదు, కూర్చుని తిప్పితే కదులుతుంది. అందుకే చాలామంది స్కూటీని ఒక్క సాయంత్రంలో నేర్చేసుకుని మర్నాడే మెయిన్ రోడ్డెక్కేస్తారు. ప్రమాదం ఆ తేలికలోనే ఉంది. బైక్ మీద కంగారుపడినా క్లచ్ నొక్కేస్తే ఇంజను బలం చక్రానికి అందదు. స్కూటీకి ఆ వెసులుబాటు లేదు. బండి ఉరకాలన్నా నెమ్మదించాలన్నా అంతా కుడి మణికట్టు చేతిలోనే ఉంటుంది. ఆ మణికట్టు మాట వినడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా పడితే కాపాడేది ఒంటి మీద వేసుకున్నదే. కాబట్టి బండికి డబ్బు కూడబెట్టేటప్పుడే వీటికీ కొంత పక్కన పెట్టండి. డబ్బు తక్కువుంటే వరస ఇదీ: ముందు హెల్మెట్, ఆ తర్వాత గ్లవ్స్, బూట్లు, చివరికి జాకెట్.

హెల్మెట్ కొనడం

టైలర్ టేపు తీసుకుని కనుబొమ్మలకు అర అంగుళం పైనుంచి, తల వెనక బాగా ఉబ్బుగా ఉండే చోటు మీదుగా చుట్టి కొలవండి. రెండు మూడుసార్లు కొలిచి పెద్ద అంకె తీసుకోండి. మన దగ్గర అమ్మే హెల్మెట్ల మీద సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది. సాధారణంగా 580 అంటే మీడియం, 600 అంటే లార్జ్. అయితే ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంలా ఉండదు కాబట్టి కొలత చూసి ఆగిపోకండి, పెట్టుకుని చూడండి. బండితో పాటు షోరూంలో ఇచ్చే హెల్మెట్‌ను కూడా ఇలాగే చూసుకుని, సరిపోకపోతే మార్చమని అడగండి.

పెట్టుకునేటప్పుడు రెండు పట్టీలూ పట్టుకుని బయటికి లాగుతూ కిందికి దించాలి. బుగ్గలు బాగా నొక్కుకోవాలి. మాట్లాడితే బుగ్గ లోపలి వైపు పళ్లకు తగులుతున్నట్టు అనిపిస్తే అది సరైన బిగువే, నెల రోజుల్లో లోపలి మెత్తలు కాస్త అణుగుతాయి. ఇప్పుడు తల అటూ ఇటూ ఊపండి. హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కూడా కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరుగుతుంటే అది పెద్దదైనట్టు. తర్వాత పట్టీ బిగించుకుని, వెనక అంచు పట్టుకుని పైకీ ముందుకూ నెట్టమని పక్కవారికి చెప్పండి. ఊడివస్తే ఆ హెల్మెట్ పక్కన పెట్టేయండి, ఎంత ఖరీదైనా సరే. చివరగా పది పదిహేను నిమిషాలు తీయకుండా షాపులోనే ఉండండి. బుగ్గల బిగువు పర్వాలేదు కానీ నుదుటి మీద ఒకే చోట నొప్పి మొదలైతే దాని ఆకారం మీ తలకు సరిపడదు. అలాంటిది కొంటే నాలుగు రోజుల తర్వాత చేతికి తగిలించుకుని తిరుగుతారు.

టోపీలా పైన మాత్రమే కప్పే హాఫ్ హెల్మెట్ వద్దు. ముందుకు పడినప్పుడు గడ్డం, దవడ నేలకు కొట్టుకుంటాయి, వాటికి అడ్డు ఉండేది ఫుల్‌ఫేస్‌లోనే. ఉక్క అనుకునేవారు గాలి రంధ్రాలున్న ఫుల్‌ఫేస్ చూసుకోవాలి తప్ప గడ్డం వదిలేసే హెల్మెట్‌కు దిగకూడదు. వెనక ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే అంకె, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు మూడూ ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. అయినా రోడ్డు పక్కన గుర్తు అచ్చేసిన నకిలీలు దొరుకుతూనే ఉన్నాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సీఎం/ఎల్ నంబరు కొడితే అది ఏ కంపెనీదో, లైసెన్సు చెల్లుతోందో లేదో తెలిసిపోతుంది.

పై డిప్ప కింద థర్మాకోల్ లాంటి మందపాటి పొర ఉంటుంది. తలకు తగిలే దెబ్బను అసలు మింగేది అదే. అది నలిగి దెబ్బ తీసుకుంటుంది, ఒకసారి నలిగాక మళ్లీ పొంగదు. అందుకే తల తగిలేలా పడితే పైకి గీత కూడా కనబడకపోయినా ఆ హెల్మెట్ మార్చాలి. ఎవరో వాడిన హెల్మెట్ కొనకూడదన్నదీ ఇందుకే, దాని చరిత్ర మనకు తెలియదు కదా. హెల్మెట్‌ను బండి సైడు అద్దానికి తగిలించి వదిలేస్తే ఆ అద్దం కొన ఈ పొరలో గుంట చేస్తుంది. పెట్రోలు, థిన్నర్‌తో తుడిస్తే పొర కరిగి పాడవుతుంది. సబ్బు నీళ్లు చాలు.

పట్టీ కింద రెండు వేళ్లకు మించి దూరకూడదు. పట్టీ పెట్టుకోని హెల్మెట్ పడేటప్పుడు తలకంటే ముందే ఎగిరిపోతుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా హెల్మెట్‌ను తలకు గట్టిగా బిగించుకోవాలనే చెబుతుంది.

జుట్టు పొడుగున్నవారికి ఇంకో సంగతి. నడినెత్తిన కొప్పు, పెద్ద క్లచర్, పూలకు పెట్టిన పిన్నులు ఉంటే హెల్మెట్ తల మీద కూర్చోదు, పైకి తేలుతుంది. పైగా పడినప్పుడు ఆ క్లిప్పు నేరుగా తలలోకి గుచ్చుకుంటుంది. మెడ దగ్గర వదులుగా జడ వేసుకుని, పూలు దిగాక పెట్టుకోవడం మేలు.

హెల్మెట్‌కు ముఖం ముందుండే అద్దం తెల్లదే తీసుకోండి. నల్ల అద్దంతో రాత్రి గుంత కనబడదు. గీతలు పడ్డ అద్దం మీద ఎదుటి బండి లైటు చెదిరి కళ్లు మూసుకుపోతాయి, కాబట్టి గీతలు పెరిగితే అద్దం ఒక్కటే మార్పించుకోండి.

చేతులు, కాళ్లు, ఒళ్లు

పడబోతున్నామంటే ఎవరైనా చేతులే ముందు చాపుతారు. అందుకే అరచేతి కింది భాగంలో గట్టి ప్యాడ్, మణికట్టు దగ్గర బిగించుకునే పట్టీ ఉన్న గ్లవ్స్ కావాలి. ఎండకు వేసుకునే నూలు గ్లవ్స్ తారు మీద ఒక్క జారుకే చిరిగిపోతాయి. ఎక్సలేటర్ మీద చెమట చేయి జారకుండా ఉండటం దీనితో వచ్చే ఇంకో లాభం.

స్లిప్పర్లతో బండి ఎక్కకండి. స్కూటీ ఆగిన ప్రతిసారీ దాని బరువు మీ పాదం మీదే ఆనుతుంది, తడి రోడ్డు మీద హవాయి చెప్పు జారితే నిలబడ్డ చోటే బండి మీద పడుతుంది. చీలమండ కప్పే బూట్లు మంచివి. లేకపోతే కనీసం లేసులు లోపలికి దోపిన స్పోర్ట్స్ షూ వేసుకోండి.

రోజూ దూరం వెళ్లేవారు మెష్ జాకెట్ తీసుకోవచ్చు. వల లాంటి బట్ట కావడంతో మే నెలలో కూడా బండి కదులుతున్నంతసేపూ గాలి ఆడుతుంది. భుజాలు, మోచేతుల దగ్గర పెట్టే గట్టి మెత్తల మీద ఈఎన్ 1621 (ఇలాంటి మెత్తలకు యూరప్ ప్రమాణం) అనే అంకె ఉందో లేదో చూడండి. చాలా జాకెట్లలో వీపు దగ్గర పెట్టి ఇచ్చేది ఉత్త స్పాంజి, అది దెబ్బ ఆపదు. జాకెట్‌కు డబ్బు చాలకపోతే మందపాటి జీన్స్, పొడుగు చేతుల డెనిం చొక్కా, మీద మోకాళ్లకు, మోచేతులకు విడిగా దొరికే గార్డులు వేసుకోండి.

చున్నీ విషయంలో మొహమాటం వద్దు. వేలాడే చున్నీ వెనక చక్రంలో పడితే మెడకు బిగుసుకోవడానికి క్షణం చాలు. రెండు కొసలూ వెనక్కి తెచ్చి నడుము దగ్గర ముడేసుకోండి, లేదా మొత్తం జాకెట్ లోపల పెట్టి జిప్ వేయండి. చీర కొంగు, బుర్ఖా అంచు కూడా ఇంతే. సంక్రాంతి రోజుల్లో మెడకు మందపాటి గుడ్డ చుట్టుకోండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా దారాలు ఇంకా రోడ్ల మీద తెగి వేలాడుతూనే ఉంటాయి.

మొదటి వారం మైదానంలోనే

ముందు కాగితాలు. 50 సీసీ దాటిన బండికి 18 ఏళ్లు నిండాలి. ఎల్ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, అది తీసుకున్న 30 రోజుల తర్వాత అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. అప్పటిదాకా బండికి ముందూ వెనకా ఎర్ర ఎల్ అక్షరం ఉండాలి. వెనక స్నేహితులను ఎక్కించుకోకూడదు.

బండి తీసే ముందు టైర్లలో గాలి చూడండి. మామూలు 110 సీసీ బండ్లకు ముందు టైరులో దాదాపు 22, వెనక టైరులో ఒక్కరికి 29, ఇద్దరికి 36 పీఎస్ఐ వరకు పడుతుంది. మీ బండికి ఎంతన్నది దాని మీది స్టిక్కరు చెబుతుంది, పంక్చర్ షాపులో "కొట్టేశాం" అనే మాట కాదు. తర్వాత రెండు బ్రేకులూ నొక్కి చూసి, అద్దాలు సరిచేసుకుని, స్టాండు తీశారో లేదో చూసుకోండి.

మొదటి రోజు ఇంజను ఆపేసి బండిని నడిపించడమే చేయండి. ఎడమ పక్కన నిలబడి తోస్తూ బ్రేకు నొక్కండి, సెంటర్ స్టాండు వేయండి, తీయండి. వంద కిలోలు దాటిన బరువు ఎటు ఒరిగితే ఆపగలరో, ఎంత ఒరిగితే ఆపలేరో ఒంటికి తెలియాలి. రెండో రోజు ఇంజను వేసి, రెండు కాళ్లూ నేలకు రాస్తూ, ఎక్సలేటర్ వెంట్రుకవాసి తిప్పుతూ యాభై మీటర్లు వెళ్లి ఆగండి. ఇలా ముప్పై నలభై సార్లు చేయాలి. ఎలక్ట్రిక్ స్కూటీ అయితే ఎకో మోడ్‌లో మొదలుపెట్టండి. దానికి శబ్దం ఉండదు, తిప్పిన మరుక్షణమే లాగేస్తుంది.

కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటి ఉంది. ఎదురుగా ఏదో వచ్చిందని ఉలిక్కిపడి హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటారు. ఆ పట్టులో కుడి మణికట్టు కిందికి వంగి ఎక్సలేటర్ తిరిగిపోతుంది, బండి ఆగాల్సింది పోయి దూకుతుంది. దీనికి విరుగుడు చేయి పెట్టే తీరులోనే ఉంది. మణికట్టు నిటారుగా, మోచేయి కాస్త వంచి పట్టుకోవాలి. బ్రేకు లీవరు మీద కుడి చేతి రెండు వేళ్లు ఎప్పుడూ ఉండాలి. దిగి బండిని తోసేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది, కాబట్టి తాళం ఆపాకే దిగండి.

బ్రేకులకు ఒక రోజు మొత్తం కేటాయించండి. కుడి లీవరు ముందు చక్రానిది, ఎడమది వెనక చక్రానిది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బండ్లకు సీబీఎస్ (రెండు చక్రాల బ్రేకులను కలిపే ఏర్పాటు) తప్పనిసరి అయ్యింది కాబట్టి ఇప్పటి బండ్లలో ఎడమది నొక్కితే ముందు చక్రానికీ కొంత బ్రేకు పడుతుంది. అయినా అదొక్కటే నమ్ముకోవద్దు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది. అప్పుడు వెనక చక్రం తేలికై జారుతుంది, బండిని నిజంగా ఆపేది ముందు చక్రమే. రెండు లీవర్లూ కలిపి, గుప్పిట బిగించినట్టు కాకుండా పండు రసం పిండినట్టు క్రమంగా నొక్కండి. హ్యాండిల్ తిన్నగా ఉండాలి. మలుపులో గానీ ఇసుక మీద గానీ ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తే చక్రం జారి పక్కకు పడేస్తుంది. అందుకే వేగం తగ్గించడం మలుపుకు ముందే అయిపోవాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. మీరు చూసి, చేయి కదిపే లోపే ఆ దూరం అయిపోతుంది. ముందు బండికి ఎంత దూరం వదలాలో ఈ లెక్కతో వేసుకోండి.

ఆ తర్వాత బండిని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం. చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్లాల్సిన చోట ఉంచితే బండి అటే తిరుగుతుంది. వెనక బ్రేకు కొద్దిగా పట్టి ఉంచి ఎక్సలేటర్ సన్నగా ఇస్తే నెమ్మదిలో కూడా తూలదు.

రోడ్డెక్కాక

స్కూటీ చక్రాలు 10, 12 అంగుళాలవి. బైక్ దాటేసే గుంతలో ఇవి దిగబడతాయి. తప్పించుకోలేని గుంత వస్తే ముందే బ్రేకు వేసి, గుంతలో దిగేటప్పుడు బ్రేకు వదిలేయండి. తొలకరి మొదటి వానకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడవుతుంది. జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే ఇంకా జారుతాయి. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం మీదికి ఎక్కకండి, గింజలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. చీకటి పడ్డాక ఆ కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు దగ్గరికి వెళ్లేదాకా కనబడవు. ఆర్టీసీ బస్సు ఎడమ వైపు సందులోకి దూరకండి. డ్రైవరు అద్దంలో మీరు కనబడరు, బస్సు ఎడమకు తిరిగితే ఆ సందే ఉండదు.

కాళ్ల దగ్గర బియ్యం మూట, గ్యాస్ సిలిండర్ పెట్టుకుంటే హ్యాండిల్ పూర్తిగా తిరగదు, కాలు నేలకు దింపడానికి చోటుండదు. లైసెన్సు వచ్చి, ఒంటరిగా నెల రోజులు నడిపాకే వెనక మనిషిని ఎక్కించుకోండి, వారికీ హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు, తొమ్మిది నెలలు దాటితే వారి కొలతకు సరిపోయే హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ కేంద్ర నిబంధన ఉంది. పిల్లల్ని ముందు నిలబెట్టుకుంటే బ్రేకు పడగానే వారి ముఖం హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. వానలో వెనక కూర్చున్నవారు గొడుగు తెరిస్తే గాలికి బండి పక్కకు లాగేస్తుంది. డిక్కీలో రెండు రెయిన్‌కోట్లు ఉంచుకోండి.