పక్క నాబ్ తిప్పితే బ్యాటరీ వోల్టేజి మారిపోయేది: నా అనుభవం

మారతహళ్లి రూములో ఇన్వర్టర్ బ్యాటరీకి ఆర్డుయినో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు)తో వోల్టేజి మీటరు కట్టాను. మల్టీమీటరులో 12.6 వోల్టులు, నా స్క్రీన్‌పై ఒకసారి 11.9, ఇంకోసారి 13.1. విచిత్రమేమిటంటే, బోర్డులో వోల్టేజి కొలిచే పిన్నుల్లో ఏ0కి పెట్టిన నాబ్ తిప్పితే, పక్కనున్న ఏ1లోని బ్యాటరీ రీడింగు కూడా కదిలేది!

కొత్త అడాప్టరు, పొట్టి వైర్లు, వంద రీడింగుల సగటు, వేరే బోర్డు: ఏదీ పనిచేయలేదు.

తప్పు, బ్యాటరీ వోల్టేజిని బోర్డు కొలవగలిగేంతకు తగ్గించడానికి నేను పెట్టిన రెండు రెసిస్టర్లదే. కరెంటు ఆదా అవుతుందని 1 మెగాఓమ్, 470 కిలోఓమ్ వాడాను. అంటే పిన్నుకు కనిపించేది సుమారు 320 కిలోఓమ్. ఊనోలోని చిప్ డేటాషీటు అది 10 కిలోఓమ్ లోపు ఉండాలంటుంది. లోపలి 14 పికోఫారడ్ కెపాసిటర్ కొలత సమయానికి నిండదు, అంతకుముందు కొలిచిన పిన్ను (ఛానెల్) వోల్టేజి కొంత అందులో మిగిలిపోతుంది.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్డులో 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు కొన్నాను (పదికి తక్కువ ఇవ్వనన్నాడు). మొదట ఒకటి ఏ1కీ గ్రౌండ్‌కీ మధ్య, పిన్నుకు ఆనుకునే పెట్టాను. తర్వాత ఛానెల్ మారిన ప్రతిసారీ తొలి రీడింగు పారేసి, రెండోది తీసుకున్నాను. చివరగా సెకనుకు పది కొలతలకే తగ్గించాను, లేకపోతే కెపాసిటర్ మళ్లీ నిండేలోపే తర్వాతి కొలత అందులోంచి ఇంకాస్త ఛార్జి లాగేస్తుంది. ఇప్పుడు నాబ్ ఎంత తిప్పినా 12.6 కదలట్లేదు.

బ్యాటరీలాంటి నిదానపు సిగ్నల్ కాబట్టి ఇది సరిపోయింది. ఆడియోకైతే పనిచేయదు, అక్కడ ఆప్‌యాంప్ బఫరు (సిగ్నల్‌ను మార్చకుండా బలంగా అందించే చిన్న ఐసీ) లాంటిది పెట్టాలి. ఈఎస్‌పీ32 అనే మరో రకం చిప్‌లో నేనింకా చూడలేదు.