యూరియా వేసినా మొక్కజొన్నలో పసుపు పోలేదా? ముందు గునపం తీయండి

లక్షణం: వరి కోసిన మడిలో మొక్కజొన్న. మోకాలెత్తులో యూరియా పడింది. పది రోజులైనా కింది ఆకులు కొన నుంచి నడి ఈనె వెంట పసుపెక్కి ఎండుతున్నాయి. వెంటనే ఇంకో బస్తా చల్లేస్తారు. దయచేసి ఆగండి. ఇది నత్రజని లోపమే, కానీ వేసింది చాలక కాదు, నిలవక.

చూడాల్సింది: పైమట్టి ఆరితే చాలు, "నీరెక్కడుందండీ" అనేస్తారు. పల్లం మూలన అడుగు లోతు తవ్వి చూసేవారే తక్కువ. పది నిమిషాల పని.

కారణం: ఏటా ఉభాలకు (వరి నాట్లకు) దమ్ము చేసీ చేసీ జానెడు లోతున గట్టి పొర పట్టింది. పెట్టిన తడి దాని మీదే ఆగుతుంది. గుంటలో మట్టి బూడిద రంగులో ఉండి, పాత వరి వేళ్ల జాడల్లో తుప్పు గీతలు కనబడి, మొక్కజొన్న వేళ్లు దిగలేక అడ్డం తిరిగితే దొంగ దొరికినట్టే. వేసిన యూరియా మట్టిలో నైట్రేటుగా మారుతుంది. గాలి ఆడని ఆ తడిలో సూక్ష్మజీవులు ఊపిరి కోసం ఆ నైట్రేటును వాడుకుని నత్రజనిని గాల్లోకి వదిలేస్తాయి. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ల లెక్కన దాని కిలో 273 కిలోల బొగ్గుపులుసు వాయువంతగా భూమి వేడి పెంచుతుంది. నీట మునిగిన మట్టిలో కంటే, సందుల్లో ముప్పాతిక వంతు నీరున్న మట్టిలోనే ఈ నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువ పుడుతుంది. పైకి ఆరిన చేను మోసం చేసేది అందుకే. యూరియాకు వేసే వేపపూత అది నైట్రేటుగా మారడాన్ని కొన్నాళ్లు ఆపుతుంది, కింది తడిని తీయదు.

పరిష్కారం: గట్టు చుట్టూ జానెడు లోతు కాలువ, మధ్యలో ప్రతి మూడు నాలుగు మీటర్లకు ఒకటి తీసి, పల్లం మూలన గట్టు కోసి నీటిని బయటకు పంపండి. పై మడిలో ఇంకా వరి ఉంటే ఆ గట్టు కింద కాలువే ముందు. ఉలి నాగలితో పొర పగలగొడితే వచ్చే ఏడాది వరికి నీరు నిలవదు, కాబట్టి అది మెట్టకు మారే మడికే.

తడి పెట్టాకే యూరియా, ముందు కాదు. రెండు మూడు రోజులాగి పిడికెడు మట్టి పిసకండి. ఉండై, రొమ్మెత్తు నుంచి వదిలితే పగలాలి. అప్పుడు మొక్కకు నాలుగు వేళ్ల దూరంలో, రెండంగుళాల లోతున వేసి మట్టి కప్పండి. పైన వదిలేస్తే అమ్మోనియాగా పోతుంది. ఎకరాకు 80 కిలోల నత్రజని అనుకుంటే నాలుగో వంతు విత్తేటప్పుడు, మిగతాది 25-30, 45-50, 60-65 రోజులకు. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకే, అంటే విడతకు ఒక బస్తా. వేశాక వారం పది రోజులు తేలిక తడులే.

లేత ఆకుల్లో తెల్లని పట్టీలుంటే జింకు లోపం, కింది ఆకులు ఊదా రంగైతే భాస్వరం లోపం. పచ్చి గెత్తం (పశువుల ఎరువు), యూరియా ఒకేసారి తడి మట్టిలో వేస్తే మాత్రం నైట్రస్ ఆక్సైడ్ మరీ ఎక్కువ. మాగిన గెత్తం ఆఖరి దుక్కికి ముందే వేసేయండి.