పీసీఓఎస్ ఉంటే కాటా కన్నా టేపు నయం

పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య) ఉన్నవాళ్లు రోజూ కాటా ఎక్కి టెన్షన్ పడకండి. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరినా ముల్లు పైకి పోతుంది. దాని బదులు బట్టలు కుట్టే టేపుతో 15 రోజులకోసారి నడుము కొలవండి. పరగడుపున, ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్యన. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటిందంటే పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నట్టే లెక్క.

అన్నం మానేయక్కర్లేదు, ముందు కూర, పప్పు, గుడ్డు తిని ఆఖర్న కలుపుకోండి. వారానికి 3 రోజులు గుంజీళ్లు, గోడకుర్చీ తప్పనిసరి. కండ పనిచేసేకొద్దీ ఒంట్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. బరువులో 5 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. నాకైతే రెండు నెలలు కాటా కదల్లేదు గానీ, చుడీదార్ నాడా రెండంగుళాలు ఎక్కువ లాగి కట్టాల్సి వచ్చింది.