గుమ్మానికి చెదలు పట్టాయా? మందు కర్రకి కాదు, కింద మట్టికి వేయాలి

గుమ్మం పక్కన గోడ మీద మట్టి గీత కనపడగానే మనవాళ్ళు చేసే మొదటి పని చీపురు తీసుకుని దులిపేయడం, రెండోది కిరోసిన్ పోయడం, ఇప్పుడు కిరోసిన్ దొరక్క పెట్రోల్ పోసేవాళ్ళు కూడా తయారయ్యారు, దండం పెడతా అది మాత్రం చేయకండి. నాలుగు రోజులు చెదలు కనపడవు, పోయాయిలే అనుకుంటారు, కొన్ని నెలలకి అదే గుమ్మం అవతలి వైపునో అటక మీద పాత పుస్తకాల్లోనో తేలతాయి.

ఎందుకంటే మన ఇళ్ళకి పట్టేవి ఎక్కువగా నేల చెదలు. వాటి పుట్ట, రాణి అన్నీ మట్టిలో ఉంటాయి, గుమ్మం దగ్గరకి వచ్చేది మేతకే. ఒళ్ళు మెత్తన కాబట్టి పొడి గాలి తగిలితే ఎండి చస్తాయి, అందుకే మట్టితో గొట్టం కట్టుకుని అందులోంచే తిరుగుతాయి. మీరు గొట్టం దులిపితే దారి మార్చుకుంటాయి అంతే. పైగా ఎక్కడినుంచి వస్తున్నాయో చెప్పే ఆనవాలు మీ చేత్తో మీరే చెరిపేసినట్టు.

అందుకని ముందు దేన్నీ ముట్టుకోకుండా చూడండి. గొట్టం నేలలో ఎక్కడ మొదలైందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. స్క్రూడ్రైవర్ పిడితో ద్వారబంధం పొడవునా తట్టుకుంటూ వెళ్ళండి, బోలు శబ్దం వచ్చిన చోటల్లా గుర్తు. తొలకరి వాన తర్వాత ఉసిళ్ళ (రెక్కలొచ్చిన చెదలే అవి) రెక్కలు, మూసి ఉన్న గది లోపల కిటికీ దగ్గర కుప్పగా పడి ఉంటే గూడు ఇంటి కిందో గోడలోనో ఉందని అనుమానించాల్సిందే. మీది పై అంతస్తు ఫ్లాట్ అయితే ఇక్కడే ఆగిపోండి, ఇది నేలకి రంధ్రాలు వేసి కింద మట్టిలోకి మందు పోసే పని, స్లాబ్‌కి అలా వేయడానికి లేదు, అక్కడ చెదలు పైపుల షాఫ్ట్ వెంబడి కిందనుంచి వస్తుంటాయి, అసోసియేషన్‌తో మాట్లాడి గ్రౌండ్ ఫ్లోర్ నుంచి చేయించుకోవాలి.

సామాను: హ్యామర్ డ్రిల్ (అద్దెకి దొరుకుతుంది), 12 మి.మీ. బిట్ అడుగు పొడవుది, 6 మి.మీ. బిట్, కర్రకి సన్నది 3 మి.మీ. బిట్, ఒక టైల్ బిట్, చేతి పంపు స్ప్రేయర్, సిరంజి, గ్లౌజులు, మాస్కు, కళ్ళద్దాలు, వైట్ సిమెంట్. అంతే.

మందు విషయంలో నాది ఒకటే మాట, ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ (నీళ్ళలో కలిపే చిక్కటి ద్రవం, డబ్బా మీద SC అని ఉంటుంది). లీటరు నీళ్ళకి 2.1 మి.లీ., డబ్బా మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి. ఎరువుల కొట్లో అడిగితే పత్తికీ మిరపకీ కొట్టే 17.8 శాతంది చేతిలో పెడతారు, అది పైరు మందు, చెదల లేబుల్ ఉన్నది అడిగి తీసుకోండి. క్లోరోపైరిఫాస్ 20 శాతం ఈసీ (నీళ్ళలో కలిపితే పాలలా అయ్యే నూనె రకం) కూడా వాడతారు, లీటరుకి 50 మి.లీ., కానీ ఆ వాసనతో ఇంట్లో పడుకోలేరు, పిల్లలున్న ఇంట్లో నేనైతే బాటిల్ మూత కూడా తీయనివ్వను. ఇమిడాక్లోప్రిడ్‌కి వాసన దాదాపు ఉండదు, మట్టిలో అది ఉందని చెదలకి తెలియదు, అందులోంచే నడుస్తాయి, ఒకదాన్నుంచి ఒకదానికి అంటిస్తాయి, మెల్లగా చస్తాయి. స్ప్రే డబ్బాలతో ఎదురుగా కనపడ్డవి చస్తాయి, మిగతావి పక్కకి తప్పుకుంటాయి. ఇంకా కొందరు పెద్దవాళ్ళు గమాక్సిన్ అనే పాతకాలం పురుగుమందు తెమ్మంటారు, అందులోని లిండేన్ వాడకం మన దేశంలో 2013 నుంచి నిషేధం, ఆ మాట చెప్పి ఊరుకోబెట్టండి.

ఇక అసలు పని, నేలకి రంధ్రాలు. అందరూ చెడగొట్టేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

గోడ, నేల కలిసే చోట వెంబడి అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేయాలి, కట్టడాల్లో చెదల నివారణకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉన్న పద్ధతి ఇదే. ద్వారబంధానికి రెండు పక్కలా కనీసం ఐదారు అడుగులు కవర్ చేయండి, వీలైతే గది చుట్టూ. గోడకి మరీ ఆనించి వేయకండి, కింద ప్లింత్ బీమ్ (గోడని మోసే ఇనుప కడ్డీల కాంక్రీట్ దూలం) ఉంటుంది, బిట్‌కి ఇనుము తగిలి కీచుమంటే అక్కడ ఆపి రెండంగుళాలు ఇవతలికి జరగండి. బాత్రూం గోడ వైపు అసలు వద్దు, పైపులు ఎటు పోయాయో కట్టిన మేస్త్రికి కూడా గుర్తుండదు. స్విచ్‌బోర్డుల కిందా వద్దు. వేరే గది నుంచి వైరు లాక్కుని, పని చేసే గదికి కరెంటు తీసేసి మొదలుపెట్టండి.

టైల్స్ ఉంటే రెండు టైల్స్ మధ్య గీతలో వేయండి. తప్పదు టైల్ మీదే అంటే మాస్కింగ్ టేప్ అంటించి, డ్రిల్‌లో హ్యామర్ మోడ్ ఆపేసి, టైల్ బిట్‌తో నెమ్మదిగా టైల్ దాటించి, అప్పుడు మాత్రమే బిట్ మార్చి హ్యామర్ ఆన్ చేయాలి. మొదటినుంచే హ్యామర్ పెడితే టైల్ మూల నుంచి మూలకి చీలుతుంది, ఆ డిజైన్ ఇప్పుడు షాపుల్లో ఉండదు, ఇంట్లోవాళ్ళు చెదలని మర్చిపోయి మిమ్మల్ని పట్టుకుంటారు.

లోతు ఎంత? మట్టి తగిలేదాకా. మా వీధిలో ఒక ఇంటికి వచ్చిన పెస్ట్ కంట్రోల్ వాళ్ళు రెండంగుళాలు గుచ్చి, సిరంజితో నాలుగు చుక్కలు వేసి, ఐదేళ్ళ గ్యారంటీ కార్డు ఇచ్చి వెళ్ళారు, ఆ మందు టైల్ కింద సిమెంట్‌లోనే ఉండిపోయింది, చెదలు దాని కిందనుంచి హాయిగా తిరిగాయి. టైల్, దాని కింద మాలు, దాని కింద కాంక్రీట్ బెడ్, ఇవన్నీ దాటాలి. బిట్‌తో పాటు పైకొచ్చే పొడిని చూస్తూ ఉండండి, తెల్లగా బూడిదగా వస్తున్నంతసేపూ ఇంకా కాంక్రీటే, డ్రిల్ ఒక్కసారిగా జారినట్టు లోపలికి దిగి, బిట్‌కి ఎర్రగానో నల్లగానో తడి మట్టి అంటుకుని వస్తే చేరినట్టు. అప్పటిదాకా మందు కలపొద్దు కూడా.

తర్వాత పోయడం. ఒక్కో రంధ్రానికి లీటరు దాకా, ఒకేసారి గుమ్మరించకుండా పంపు నాజిల్ లోపల పెట్టి కొంచెం కొంచెంగా. మందు పైకి తన్నితే ఆపి పక్కదానికి వెళ్ళి, మళ్ళీ తిరిగి రండి. లీటరు మొత్తం చప్పుడు లేకుండా మింగేస్తే సంతోషపడకండి, కింద బొరియో పైపు గాడో ఉండొచ్చు, ఎటు పోతోందో తెలియకుండా ఇంకా పోయొద్దు. సంపు గానీ బావి గానీ బోరు గానీ దగ్గర్లో ఉన్న వైపు ఈ పని మీరు చేయొద్దు, తాగే నీళ్ళతో ఆటలొద్దు.

గోడకీ కర్రకీ మధ్య సందులో 6 మి.మీ. రంధ్రాలు కిందికి ఏటవాలుగా, అర అడుగుకొకటి, పట్టినంత మందు, అర లీటరు మించకుండా. బోలుగా మోగిన చోట కర్రకి 3 మి.మీ. రంధ్రం వేసి నూనె రకం వుడ్ ప్రిజర్వేటివ్ సిరంజితో ఎక్కించండి. నీళ్ళ మందు ఎక్కిస్తే కర్ర ఉబ్బి తలుపు పట్టేస్తుంది. అన్నీ ఇంకాక రంధ్రాలు వైట్ సిమెంట్‌తో మూసేయండి, నేల రెండుసార్లు తుడవండి, ఆ గుడ్డ పారేయండి, పూర్తిగా ఆరేదాకా పిల్లల్నీ కుక్కల్నీ ఆ గదిలోకి రానివ్వకండి.

పాత గొట్టాలు మాత్రం ఇంకా దులపొద్దు, చెదలు ఆ దారినే నడిస్తేనే మందు పుట్టదాకా పోతుంది. రెండు మూడు వారాలయ్యాక ఒక గొట్టంలో గోరంత కిటికీ చేసి వదిలేయండి. రెండు రోజుల్లో కొత్త తడి మట్టితో పూడ్చేశాయంటే అవి బతికే ఉన్నాయి, ఆ గొట్టం మొదలు దగ్గర రంధ్రాల మధ్య ఇంకో రంధ్రం వేసి మళ్ళీ పోయండి. అలాగే ఖాళీగా ఉండిపోతే అప్పుడు తీసుకోండి చీపురు.